అక్క అద్దిన గ్రీన్ బెల్టు

గుంటూరు,
24 జూన్ 2024

అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటి వీడు అని నువ్వు ముందు కవరు కేసి, తర్వాత బావ కేసి చూసి ఉంటావు. కంగారు పడకు, అందరం బాగున్నాం. ఈ ఇంట్లో ఫోన్ ఎవరిదైనా అది ఉండేది నీ కూతురి చేతిలో. నేను నీతో మాట్లాడితే పక్కనే కూర్చుని వింటుంది. మెసేజ్ పెడితే నీకంటే ముందు తనే చదువుతుంది. ఇది హాసిని చెవిన పడకుండా మనిద్దరం మాట్లాడుకోవాల్సిన విషయం. అందుకని చెంచురామయ్య చేతికిస్తున్నాను. మీ వీధి చీరలు ఇక్కడి షాపుల్లో దించి, వ్యాను వెనక్కి తెచ్చేటప్పుడు నీకు అందజేస్తాడు.

నిన్న ఆదివారం మా కరాటే క్లాసులో గ్రేడింగ్ జరిగింది. హాసిని అందులో లేదు. నేనే పేరు పంపలేదు.

ఈ బెల్టుల గోల నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చేరినప్పుడు తెల్ల బెల్టు. తర్వాత పసుపు, ఆరెంజ్, గ్రీన్, బ్లూ, ఆపైన బ్రౌన్, అన్నిటికీ చివర బ్లాక్. నాలుగు నెలలకోసారి పరీక్ష. పరీక్ష పెట్టేది నేను కాదు, నెల్లూరు నుంచి షబ్బీర్ మాస్టారు వస్తారు. పాఠం చెప్పినవాడే మార్కులు వేయకూడదని మా దగ్గర పద్ధతి. ఎవరు తయారయ్యారో చూసి పేర్లు పంపడం వరకే నా పని. తయారు కాని పిల్లని పంపి అందరి ముందు ఓడిపోనిచ్చే కంటే ఇంకో నాలుగు నెలలు ఆపడం మంచిదని నా నమ్మకం.

విడిగా చేసేవన్నీ హాసిని చక్కగా చేస్తుంది. గుద్దులు, తన్నులు, వరసగా చేసే కాతా, దేనికీ వంక పెట్టలేం. కానీ ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసేది ఒకటుంది. ఒకరు గుద్దితే ఇంకొకరు అడ్డుకోవాలి. తగిలేలా కాదు, గుద్దు మొహానికి కాస్త ఇవతలే ఆగాలి. పసుపుకీ ఆరెంజ్‌కీ ఇది అక్కర్లేదు. గ్రీన్‌కి కావాలి. అవతలి చెయ్యి లేచేసరికి హాసిని కళ్ళు మూసుకుంటుంది. కళ్ళు మూసుకున్న పిల్లని ఎదురుగా నిలబెడితే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తగులుతుంది.

దీనితో జతగా చేసే ఫిజాకి గ్రీన్ వచ్చింది. మా కింద వాటాలో ఉండే రహమాన్ గారి అమ్మాయి. హాసిని ఏడవలేదు, అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక నీ మరదలు సంతోష పెట్టిన పెరుగన్నం సగం వదిలేసింది, అంతే. నువ్వు ఫోన్ చేసినప్పుడు బెల్టు వచ్చిందా అని మాత్రం అడగకు.

ఇక్కడ ఇంకా వానలు పట్టలేదు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే బ్రాడీపేటలో క్లాసు జరిగే మేడ మీద పిల్లలందరూ ఒకేసారి తుమ్ముతారు, నా లెక్క తప్పుతుంది. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
శివనాగరాజు


చీరాల,
30 జూన్

నాగరాజూ,

అడగొద్దని నువ్వు రాసిన ఉత్తరం గురువారం అందింది. నేను సోమవారమే అడిగేశాను. నీ చెంచురామయ్య దారిలో రెండు పెళ్ళిళ్ళు చూసుకుని వచ్చినట్టున్నాడు. "గ్రీన్ వచ్చిందా తల్లీ" అంటే, "మావయ్యని అడుగు" అని ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఒరేయ్, నేను వీధంతా చెప్పుకున్నానురా. ఈసారి గ్రీన్ అని అది మే నెల సెలవుల్లో ఇక్కడున్నప్పుడు ఎగిరెగిరి చెప్పింది. నేను చీరలు తీసుకెళ్ళే ప్రతి ఇంట్లోనూ చెప్పాను. ఇప్పుడు ఎదురింటి వాళ్ళు రోజూ అడుగుతున్నారు. తల కొట్టేసినట్టుంది.

నువ్వు దానికి మేనమామవి. చెవులు కుట్టించినప్పుడు నీ ఒళ్ళోనే కూర్చుంది. ఊళ్ళో పిల్లలందరికీ ఇచ్చే మాస్టారు సొంత మేనకోడలిని వెనక్కి పెడతాడా? నాకు తెలుసు నీ సంగతి. మావయ్య కాబట్టి ఇచ్చాడని నలుగురూ అనుకుంటారేమోనని నీకు భయం. చిన్నప్పుడు అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చునే బడిలో లీడరుగా ఉండి నా పేరే ముందు బోర్డు మీద రాసినవాడివి కదా నువ్వు.

కళ్ళు మూసుకుంటే ఏమైందిరా? కళ్ళు మూసుకుని కూడా సరిగ్గా అడ్డుకుంటుంటే అది ఇంకా గొప్ప కదా.

మా షెడ్డులో అద్దకం ఆవిరికి పిల్లికూతలు వచ్చి పిల్ల ఊపిరి పీల్చలేకపోతుంటే, డాక్టరు దూరంగా పెట్టమన్నాడని నీ దగ్గర పెట్టాను. కరాటే నేర్పిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయని నువ్వంటే సరే అన్నాను. అది చిన్నబుచ్చుకుని బతకడానికి కాదు.

సంతోషకి చేగోడీలు పంపుతున్నాను. కింద ఇంకో పొట్లం ఉంది, అది హాసినికి. నువ్వు విప్పొద్దు.

అక్క


గుంటూరు,
9 జూలై 2024

అక్కా,

ఆ పొట్లం నేను విప్పలేదు. విప్పి ఉంటే బాగుండేది.

శనివారం క్లాసుకి అందరూ వరసలో నిలబడ్డారు. మా దగ్గర పెద్ద బెల్టు కుడి చివర, చిన్న బెల్టు ఎడమ చివర నిలబడాలి. హాసిని వచ్చి ఫిజా పక్కన నిలబడింది. నడుముకి గ్రీన్ బెల్టు ఉంది. ఎక్కడిదని అడిగితే, "అమ్మ పంపింది సర్" అంది. క్లాసులో నన్ను సర్ అనే అంటుంది. అది దాని పాత తెల్ల బెల్టేనని అప్పుడు తెలిసింది. నువ్వు దాచుకుంటానని పట్టుకెళ్ళిన బెల్టుకి నువ్వే ఆకుపచ్చ అద్ది పంపావు.

పిల్లల తల్లిదండ్రులు కొందరు గోడ పక్కన కూర్చుని ఉన్నారు. మా అబ్బాయికి ఎప్పుడిస్తారు, వాళ్ళకెందుకు ముందిచ్చారు అని వాళ్ళు ప్రతి గ్రేడింగ్ తర్వాతా నన్ను నిలదీస్తూనే ఉంటారు. నేనేం చేయాలి చెప్పు. విప్పేయమన్నాను. మెల్లగానే అన్నాను. అది ముడి విప్పి, మడత పెట్టి, నా చేతికిచ్చి, బెల్టు లేకుండానే ఎడమ చివరికి వెళ్ళి కొత్తగా చేరిన పిల్లల పక్కన నిలబడింది. క్లాసంతా చేసింది.

ఆ మర్నాటి నుంచి మేడ ఎక్కడం లేదు. నాతో పాటు స్కూటర్ మీద వస్తుంది, కింద మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటుంది, క్లాసయ్యాక నాతో పాటు ఇంటికి వస్తుంది. ఇంట్లో మావయ్యా అని పిలవడం కూడా తగ్గించింది.

నువ్వు మంచికే చేశావని నాకు తెలుసు. కానీ బెల్టు అంటే నడుముకి కట్టుకునే గుడ్డ కాదక్కా. అది వేరేవాళ్ళు చూసి ఇవ్వాలి. పైగా ఆ రంగు నిలవలేదు కూడా. చెమటకి దిగి డ్రెస్సు నడుం దగ్గరంతా పచ్చగా అయింది. సంతోష రెండుసార్లు ఉతికినా పోలేదు.

శివనాగరాజు


చీరాల,
14 జూలై

శివనాగరాజుకి,

మా రంగు దిగిందా?

పాతికేళ్ళ నుంచి ఈ షెడ్డు నడుస్తోంది. మీ బావ శ్రీమన్నారాయణ అద్దిన నూలంటే కళ్ళు మూసుకుని కొంటారు. పెళ్ళికి కట్టిన చీర మనవరాలు కట్టుకున్నా రంగు చెక్కుచెదరదని చెప్పుకుంటారు. అట్లాంటిది నా చేత్తో నేను వేసిన రంగు దిగిందని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఆ బెల్టు మామూలుగా ముంచితే పాలిపోయినట్టు వచ్చింది. ఇదేంటబ్బా అని మళ్ళీ ముంచాను. ఆకుపచ్చ అంటే ఏ ఆకుపచ్చో నాకెవరు చెప్పారు? ఫిజా ఫోటోలో ఉన్నదాన్ని చూసి మూడు గిన్నెల్లో కలిపి కలిపి ఆ రంగు తెప్పించాను. అంత కష్టపడింది అది క్లాసుకి కట్టుకెళ్ళాలని కాదు. ఇంట్లో అద్దం ముందు ఓసారి కట్టుకుని మురిసిపోతుందని. పదకొండేళ్ళ పిల్లరా అది.

దాన్ని నువ్వు నలుగురి ముందూ నడుం మీద నుంచి విప్పించావు. విప్పి, మడత పెట్టి, నీ చేతికిచ్చిందని రాశావే, అక్కడికొచ్చేసరికి నేను ఇంక చదవలేకపోయాను. మిగతాది మీ బావ చదివి చెప్పాడు.

ఇంక చాలు. దసరా సెలవులకి అది ఇక్కడికొస్తుంది కదా, మళ్ళీ పంపను. టి.సి. తీసుకుని ఇక్కడి బడిలోనే వేస్తాం. షెడ్డు వైపు రానివ్వను, మొహానికి మాస్కు కడతాను, ఏదో ఒకటి చేసుకుంటాను. ఆయాసం వస్తే నా ఒళ్ళో ఉంటుంది. అది నీ మెట్ల మీద ఒక్కతే కూర్చోవడం కంటే నయం.

సంతోష మీద నాకేం కోపం లేదు. హాసిని డ్రెస్సు పాడుచేసినందుకు కొత్తది కుట్టించి పంపుతాను.

సాయిలక్ష్మి


గుంటూరు,
30 జూలై 2024

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వెంటనే రాస్తే నోరు జారతానని ఆగాను. నువ్వు ఉత్తరం చివర అక్క అని రాయకుండా సాయిలక్ష్మి అని సంతకం చేయడం నేను చూడటం ఇదే మొదటిసారి.

హాసిని నీ పిల్ల. తీసుకెళ్తానంటే కాదనడానికి నేనెవర్ని. కానీ ఒక్క మాట చెప్పనివ్వు. ఇక్కడికొచ్చాక దానికి ఆ యంత్రం పెట్టి మందు పీల్పించే అవసరం రాలేదు. మొన్న వాన పడినప్పుడు ఫిజాతో పోటీపడి మా ఇంటి మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి, పైన నిలబడి నవ్వింది. నీ దగ్గరుండగా అలా నవ్వడానికి దానికి ఊపిరి చాలేది కాదు. కోపంతో నిర్ణయం తీసుకోకు, ఆ కోపం నా మీదే ఉంచుకో.

రంగు మాట రాసి ఉండాల్సింది కాదు. నీ పని మీద వేలెత్తి చూపాలని కాదు, చేతకానితనంలో నోటికొచ్చింది రాశాను.

ఇంకొకటి నాకు అంతు పట్టడం లేదు, నువ్వేమైనా చెప్పగలవేమోనని రాస్తున్నాను. కళ్ళు మూసుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ళకి భయం. చెయ్యి లేవగానే వెనక్కి అడుగేస్తారు, తల వంచుతారు, చేతులు అడ్డదిడ్డంగా ఊపుతారు. మెత్తటి బంతులు విసిరి, నెమ్మదిగా గుద్ది, నవ్వించి, ఎలాగో ఆ భయం పోగొడతాం. హాసినికి అవన్నీ చేశాను. పనిచేయలేదు, ఎందుకంటే దానికి భయం లేదు. కాలు కదపదు. చెయ్యి సరిగ్గా అడ్డు పెడుతుంది. కళ్ళు మాత్రం గట్టిగా మూసి, మొహం ఎడమ వైపుకి తిప్పుతుంది. ప్రతిసారీ ఎడమకే. నిన్న సంతోష దండెం మీద ఆరేయడానికి తడి తువ్వాలు దులిపింది. దూరంగా కూర్చుని పుస్తకం చదువుకుంటున్న హాసిని అట్లాగే కళ్ళు మూసి మొహం తిప్పింది. తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ చదువుకుంది. ఎందుకలా చేశావని అడిగితే, "ఏం చేశాను?" అంది. దానికి తెలియనే తెలియదు.

ఉంటాను. బావ మోకాలు ఎలా ఉంది?

నీ తమ్ముడు


చీరాల,
11 ఆగస్టు

ఒరేయ్ నాగరాజూ,

తడి తువ్వాలు దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపేశాను. ఎడమ వైపుకి మొహం తిప్పుతుందని రాశావు కదా. అది నేను నేర్పిందేరా.

నువ్వు మన ఇంట్లో మగ్గం చూసి పెరిగావు గానీ అద్దకం చూడలేదు. నేనూ ఈ ఇంటికి కోడలిగా వచ్చాకే చూశాను. నూలు పోగులు చుట్టిన చిలపని తొట్టిలోంచి తీసి, పిండి, రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపుతో ఝాడిస్తాం. అట్లా అయితేనే పోగులు విడిపోతాయి. ఆ ఊపుకి చుక్కలు నాలుగు వైపులా ఎగురుతాయి. తొట్టిలో కాస్టిక్ సోడా ఉంటుంది. కంట్లో పడితే ఇంక ఆ కన్ను గురించి మాట్లాడుకోనక్కర్లేదు. హాసిని పుట్టకముందు మా దగ్గర పనిచేసిన ఒకాయన అట్లాగే ఒక కన్ను పోగొట్టుకున్నాడు.

దాన్ని చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు, షెడ్డులో నా పక్కనే ఆడుకునేది. నడక రాకముందే నేర్పాను. అమ్మ చెయ్యి లేస్తే కళ్ళు గట్టిగా మూసెయ్, మొహం గోడ వైపుకి తిప్పెయ్. గోడ ఎడమ వైపు ఉండేది. చేసినప్పుడల్లా బంగారు తల్లి అని ముద్దు పెట్టేదాన్ని. ఒక్కసారి మర్చిపోతే వీపు మీద ఒక్కటి వేసేదాన్ని. అది ఇంక మర్చిపోలేదు. నా దగ్గర అది మంచి బుద్ధి. నీ దగ్గరికొచ్చేసరికి తప్పయింది. మధ్యలో అదేం చేస్తుంది పాపం.

మెల్లగా గుద్దినా, బంతులు వేసినా, నువ్వు చెబితే పోదు. మూయమన్నది నేను. తెరవమనాల్సిందీ నేనే. దసరా సెలవులకి పంపు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం.

ఇంకొకటి. మీ బావ ఆ తెల్ల బెల్టు కొస కత్తిరించగా మిగిలిన పీలిక ఒకటి తీసి అగ్గిపుల్ల పెట్టాడు. నూలైతే కాలి బూడిదవ్వాలి. అది కరిగి ముద్దయింది. సగం పైగా పాలిస్టరంట. దానికి మా రంగు పట్టదు, పైపైన అంటుకుంటుంది, చెమట తగిలితే దిగుతుంది. గుడ్డని చేత్తో పట్టుకుని కూడా కనిపెట్టలేకపోయానంటే కోపంలో ఉన్నానన్నమాట. వేరెవరైనా చేసి ఉంటే మీ బావ నెల రోజులు నవ్వేవాడు. నన్ను చూసి పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

ఇన్నాళ్ళు మేడ ఎక్కని పిల్లకి మళ్ళీ పేరు పంపడానికి మీ పద్ధతి ఒప్పుకుంటుందా? అది రాయి.

అక్క


గుంటూరు,
1 అక్టోబర్ 2024

అక్కా,

హాసినిని రేపు తెచ్చేది నేనే. అది చూస్తుండగా నీ చేతికి ఇవ్వలేను కాబట్టి ఈ ఉత్తరం బ్యాగులో బట్టల అడుగున పెడుతున్నాను.

నీ ఉత్తరం వచ్చాక దానికి సంగతంతా చెప్పాను. నీకు భయం లేదు, అమ్మ నేర్పినది శ్రద్ధగా నేర్చుకున్నావు, అంతే అన్నాను. తర్వాత, "అయితే నేను చేతగానిదాన్ని కాదా మావయ్యా?" అని అడిగింది. అన్నాళ్ళూ అది లోపల ఏమనుకుంటుందో నాకు అప్పుడు తెలిసింది. నన్ను మావయ్యా అని పిలిచి చాలా రోజులైందని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు ఫిజా వచ్చి చెయ్యి పట్టుకుని మేడ మీదికి లాక్కెళ్ళింది. ఆరెంజ్ బెల్టు కట్టుకుని దాని చోట అది నిలబడింది. ఆ రోజు నుంచి ఒక్క క్లాసూ మానలేదు. మానేసిన క్లాసులు పూర్తి చేస్తే పేరు పంపవచ్చు, పద్ధతిలో అడ్డేమీ లేదు. గ్రేడింగ్ ఈ నెల 27న. సెలవుల నుంచి వచ్చాక దాన్ని చూసి పంపుతాను. కళ్ళు తెరిస్తేనే పంపుతాను. నువ్వు ఎంత కోప్పడినా ఇందులో మార్పుండదు. మాట ఇవ్వలేని చోట ఇవ్వకపోవడమే మంచిది.

అది తిరిగొస్తుందో రాదో కూడా నాకు తెలియదు. సంతోష దాని పుస్తకాలు సర్దుతూ ఏవి పంపాలో ఏవి ఉంచాలో తెలియక అన్నీ అల్మారాలోనే ఉంచేసింది.

నాగరాజు


చీరాల,
13 అక్టోబర్

నాగరాజూ,

పిల్లని చెంచురామయ్య వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టి పంపుతున్నాను. ఈ ఉత్తరం వాడి జేబులో ఉంది.

షెడ్డుకి దూరంగా, వెనక దొడ్లో పెట్టుకున్నాం మా బడి. బావిలోంచి తోడిన మంచినీళ్ళు, కొత్త నూలు చిలప, అంతే. ముందుగా ఆ నీళ్ళు దాని చేత తాగించాను. ఇందులో ఏమీ లేదమ్మా, కంట్లో పడినా చల్లగా ఉంటుంది అని చెప్పి, చిలప ముంచి దాని ఎదురుగా ఝాడించాను. గోడ లేకపోయినా మొహం ఎడమకే తిప్పింది. నవ్వింది. మళ్ళీ. మళ్ళీ తిప్పింది. మొదటి రోజంతా అంతే. నాకు విసుగొచ్చి, ఇంత చెప్పినా వినవేంటే అని అరిచేశాను.

అప్పుడు మీ బావ చేతిలో పని పక్కన పెట్టి లేచి, "నువ్వు నిలబడు, నేను ఝాడిస్తా" అన్నాడు. నిలబడ్డాను. మీ బావ ఊపాడు. ఏమైందో చెప్పనా? నా కళ్ళూ మూసుకుపోయాయి. నలభై ఏళ్ళ దాన్ని, మంచినీళ్ళని తెలుసు, అయినా మూసుకుపోయాయి. హాసిని పడీపడీ నవ్వింది. ఇంక దాని పక్కనే నిలబడ్డాను. రోజూ పొద్దున తల్లీకూతుళ్ళం పక్కపక్కన, మీ బావ ఎదురుగా. వీధిలోవాళ్ళు గోడ మీంచి చూసి మాకేదో అయిందనుకున్నారు.

అదే నాకు చెప్పింది. "చెయ్యి వైపు చూడకమ్మా, భుజం చూడు. చెయ్యి కంటే ముందు భుజం కదులుతుంది. మావయ్య చెప్పాడు" అని. భుజం చూస్తే నిజంగానే కాస్త నయం. అట్లా ఒకరోజు నీళ్ళు దాని మొహాన పడ్డాయి. రెప్ప కొట్టింది గానీ మూయలేదు, మొహం తిప్పలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నన్నే చూస్తూ నిలబడింది. అవి బావి నీళ్ళే. నావి మాత్రం కావు.

నేను ఇంకా మూస్తూనే ఉన్నాను. నాకు బెల్టు అక్కర్లేదులే.

టి.సి. సంగతి మీ బావ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గ్రేడింగ్ కానీ. అది మళ్ళీ మెట్ల మీద కూర్చునే పరిస్థితి వస్తే మాత్రం నేనే వచ్చి తీసుకుపోతాను. ఈ మాట కోపంతో రాయడం లేదు.

అక్క


గుంటూరు,
28 అక్టోబర్ 2024

అక్కా,

హాసిని ఈపాటికి ఫోన్‌లో సగం చెప్పే ఉంటుంది. మిగతా సగం చెప్పి ఉండదు, అందుకే రాస్తున్నాను.

సెలవుల నుంచి వచ్చాక చూశాను, పేరు పంపాను. నిన్న షబ్బీర్ మాస్టారు విడిగా చేసేవన్నీ చేయించి, చివర్లో ఇద్దరేసి ఎదురెదురుగా నిలబెట్టారు. హాసినికి ఎదురు ఫిజా. ఫిజా గ్రీన్ బెల్టు కదా, వేగంగా కొడుతుంది. మొదటిది అడ్డుకుంది. రెండోదీ అడ్డుకుంది. కళ్ళు ఇంతింత చేసుకుని ఫిజా భుజాన్నే చూస్తోంది. మూడోసారి చెమటకి ఫిజా కాలు జారింది. ఆగాల్సిన చోట గుద్దు ఆగలేదు.

తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదక్కా. చెయ్యి మొహం మీదికి వెళ్తుంటే నా కళ్ళు నేనే మూసుకున్నాను. పదిహేనేళ్ళ నుంచి మాస్టారుగా ఉన్నాను, ఇంతవరకు అట్లా చేయలేదు. సంతోష చూసింది, అదే చెప్పింది. గుద్దు పెదవి మీద తగిలింది. హాసిని కదల్లేదు, కళ్ళు మూయలేదు, మొహం తిప్పలేదు. కింది పెదవి చిట్లి కాస్త రక్తం వచ్చింది. ఫిజా ఏడుపు అందుకుంది. నేను కళ్ళు తెరిచేసరికి హాసిని దాన్ని సముదాయిస్తోంది.

మాస్టారు ఆపేద్దామా అని అడిగారు. "వద్దు సర్, ఇంకోసారి చేస్తాం" అంది. చేశారు. అడ్డుకుంది. ఆయన దాని ఆరెంజ్ బెల్టు తనే విప్పి, గ్రీన్ కట్టారు. నా వైపు చూసి, "ఈ అమ్మాయి చూపు బాగుంది, ఎవరు నేర్పారు?" అన్నారు. వాళ్ళమ్మ అన్నాను.

పెదవి వాపు ఇవాళ తగ్గింది. డాక్టరుకి చూపించాం, కుట్లేం అక్కర్లేదన్నాడు. దెబ్బ తగలనిచ్చానని నువ్వు తిడితే పడతాను. దాన్ని తీసుకుపోతానంటే పుస్తకాలు నేనే సర్ది ఇస్తాను.

నీ తమ్ముడు
నాగరాజు


చీరాల,
3 నవంబర్

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావ పైకి చదివాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది అన్నచోట ఆగి నా మొహం చూశాడు. నేను ఏడుస్తాననో, నిన్ను తిడతాననో అనుకున్నాడు. ఆగకుండా చదవవయ్యా అన్నాను.

పెదవికి వెన్న రాయమను సంతోషని. నాలుగు రోజులు కారం తగ్గించండి. గుంటూరులో ఉంటూ అది కుదిరే పని కాదని నాకూ తెలుసు. ఫిజాని ఎవరూ ఏమీ అనొద్దు. ఇద్దరికీ కలిపి పంపుతున్నాను అరిసెలు, పెద్ద డబ్బా ఫిజాకివ్వు.

హాసిని నీ దగ్గరే చదువుకుంటుంది. టి.సి. మాట ఇంక ఎత్తను. ఇన్నాళ్ళూ నీ మీద కోపం అనుకున్నాను గానీ, అది నా కళ్ళ ముందు లేదన్న బాధే అదంతా. ఆ బాధ పోలేదు, ఉంటుంది. నువ్వు పట్టించుకోకు.

నిన్న సాయంత్రం చీరలు తీసుకుని వీధిలోకి వెళ్ళాను. ఎదురింటి పేరమ్మత్త అరుగు మీదుంది. పాప దెబ్బ తిందత్తా, మూతి పగిలింది అని చెప్పాను. ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది. "పిల్లకి మూతి పగిలితే అంత నవ్వు మొహంతో చెబుతావేమే" అని కసిరింది. దాని మీద ఒక్క చుక్క పడకుండా పెంచినదాన్ని, నాకే వింతగా ఉంది. గ్రీన్ బెల్టు సంగతి చెప్పడం మర్చిపోయి వీధిలో సగం దూరం వెళ్ళిపోయాను. మళ్ళీ వెనక్కి వెళ్ళాను గానీ, చెప్పింది బెల్టు సంగతి కాదు. "చూస్తూ తిందత్తా దెబ్బ" అన్నాను. ఆవిడకి ఏమర్థమైందో తెలియదు. నాకు మాత్రం చీరలిచ్చి ఇంటికొచ్చేదాకా కాళ్ళు నేల మీద ఆనలేదు.

నీ అక్క